బిర్గులో పెరటాసి శనివారం

ఆ ఏడు వెంకటరమణస్వామి నెల పెరటాసిలో చివరి శనివారం నాకు మాల్టా దీవిలో వచ్చింది. మొక్కుకున్న రోజున నాకు మాల్టా అనే చోటు ఒకటుందనే తెలీదు.

వేలూరు ఆస్పత్రి వరండాలో కూర్చుని మొక్కుకున్నాను. లోపల మా ఆయనకు కడుపు కోస్తా ఉన్నారు. పేగులో పుండు పగిలిందన్నారు. చిత్తూరు నుంచి కారులో పోయేటప్పుడే ఆయన కాళ్ళు చల్లబడినాయి. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషికి చిన్నప్పుడు చూసిందే గుర్తొస్తుంది. పలమనేరు దగ్గర మా పుట్టింట్లో పెరటాసి శనివారాలు మా నాయన నామం పెట్టుకుని, చెంబుకు నామం దిద్ది, ఇల్లిల్లూ తిరిగి గోవిందా అనేవాడు. ఆవులూ పొలమూ ఉన్న మనిషి, ఆ పూటకు బిచ్చగాడు. ఇంటివాళ్ళు తలా గుప్పెడు బియ్యం చెంబులో పోస్తారు. ఆ బియ్యంతోనే పొంగలి వండి ఆకులో పరిచి, అంటే తళిగ వేసి, స్వామికి చూపించినాకే ఒక్కపొద్దు విడవాలి. పప్పూ బెల్లమూ ఇంటివి వేసుకోవచ్చు. బియ్యం మాత్రం అడుక్కున్నదే కావాలి, అదీ మూడిండ్లకు తక్కువ కాకుండా. ఇది కావాలని నోరు తెరిచి అడగగూడదు. పెట్టింది కాదనగూడదు. వెంకటరమణా, ఈ మనిషిని నాకు తిరిగి ఇయ్యి, ఏటేటా నీ పేరు చెప్పి అడుక్కుంటాను అనుకున్నాను. ఇచ్చినాడు. ఆ ఏటి నుంచీ చిత్తూరులో మా వీధిలో చెంబు పట్టుకుని తిరుగుతానే ఉన్నాను.

మా ఆయన నల్లరాయి పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రీ. వాళ్ళ ఓనరు మాల్టాలో కట్టే ఒక హోటలుకు రాళ్ళు పంపినాడు. పంపిన పలకల రంగులు ఒకదానికొకటి పొసగలేదని అక్కడివాళ్ళు గొడవ పెట్టుకున్నారు. పోయి దగ్గరుండి పరిపించి రమ్మన్నాడు ఓనరు. వంట చేసిపెట్టే మనిషి లేకుండా ఈ కడుపుతో నేను యాడికీ పోను అన్నాడీయన. ఓనరు నవ్వి రెండు టిక్కెట్లు తీసినాడు. ఆ మంచి మనిషి దయ వల్ల, తిరుమల కొండ తప్ప వేరే కొండ ఎక్కని నేను సముద్రాలు దాటినాను. పిల్లలను మా అత్త దగ్గర వదిలినాం. పెరటాసి నడిమికి వచ్చేస్తాం అనుకున్నాం. పని సాగింది.

అది సాగితే సాగనీ. ఆయన కడుపునొప్పి మళ్ళీ మొదలైంది. నాకు చెప్పలేదు. రాత్రి తలగడ కడుపుకు అదిమి పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంటా ఉంటే నాకు తెలిసిపోయింది. అడిగితే గ్యాస్ అన్నాడు. పుండు పగిలిన రోజు పొద్దున కూడా గ్యాసే అన్నాడు.

అప్పటి నుంచీ నేను ఒకచోట కూర్చోలేకపోయినాను. అద్దె ఇంటి కిటికీలో నుంచి సముద్రం కనిపిస్తుంది. మొదటి వారం దాన్ని చూసి సంతోషంతో కండ్లనీళ్ళు పెట్టుకున్నదాన్ని, ఇప్పుడు అది కదలతా ఉంటే చూడలేక తెర వేసేసేదాన్ని. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేదాన్ని. చివరి శనివారం దగ్గరికొస్తా ఉండాది. ఫోన్ కార్డు గీకి చిత్తూరికి ఫోన్ చేసినాను.

"అత్తా, ఈ శనివారం నా బదులు నువ్వు చెంబు పట్టుకుంటావా?"

"పట్టుకుంటా. పుణ్యం నాకొస్తాది. మొక్కుకున్నదానివి నువ్వు, నీకేమొస్తాది?"

"ఈడ ఎవుర్ని అడిగేది అత్తా?"

"ఆ దేశంలో ఇండ్లు లేవా? వాకిండ్లు లేవా? మనుషులు అన్నం తినరా?" అనింది. "ఊరికే గోవిందా అను. పెట్టేవాళ్ళు పెడతారు. నా కొడుకు ఎట్లుండాడు?"

బాగుండాడని చెప్పినాను. ఆమెకూ అబద్ధం తెలిసిపోయిందేమో, పిల్లలకు ఫోన్ ఇయ్యకుండానే పెట్టేసింది.

ఆయనకు చెప్తే కోపం వచ్చింది.

"ఏమే, తెలిసే మాట్లాడతా ఉండావా? రాళ్ళు పరిపించేదానికి వచ్చి పెండ్లాం చేత అడుక్కు తినిపిస్తా ఉండాడంటారు. ఓనరు పరువేం కాను?"

"స్వామికి పరువు లేదా మామా?"

ఆయన మా మేనత్త కొడుకే, మా పక్క బావను మామా అనే పిలుస్తాం. అందుకని మొగుడైనా మామా అనే పిలుపు, నువ్వు అనే మాటా పోలేదు. కడుపు పట్టుకుని బాత్రూములోకి పోయినాడు.

బయటికి వచ్చినాక ఏమనుకున్నాడో, ఒక కెమెరా, ఒక కాగితం తెచ్చి మంచం మీద పెట్టినాడు. చిత్తూరులో ఓనరు పెండ్లాం కొత్త ఇల్లు కట్టిస్తా ఉండాది. ఆమెకు ఈ దేశపు పాత తలుపులు, బాల్కనీల ఫోటోలు కావాలంట. కాగితం టూరిస్టు ఆఫీసులో ఊరికే ఇచ్చేది. బిర్గు అనే పాత కోట ఊరి పటం అది. గైడు అక్కర్లేకుండా ఎవరికి వాళ్ళే తిరగొచ్చు. ఎక్కడ నిలబడి ఫోటో తీస్తే బాగుంటుందో అక్కడ చిన్న కెమెరా బొమ్మ వేసి నెంబరిచ్చినారు.

"శనివారం నాకు తీరదు. నువ్వు పోయిరా. ఇంట్లో ఉంటే ఇదే ఆలోచన చేస్తావు" అన్నాడు.

నేను బడికి పోలేదు. బడి ఏటికి అవతల ఉండేది. మా నాయన పాలు పితికే వేళలో పక్కన కూర్చోబెట్టుకుని నేల మీద కట్టెపుల్లతో అక్షరాలు నేర్పించినాడు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నా బిడ్డల పుస్తకాల్లో నుంచి నేనే ఏరుకున్నాను. కాబట్టి బస్సు బోర్డు చదవగలను. శనివారం తలకు పోసుకుని, ఒక్కపొద్దుండి, ఇంటి నుంచి తెచ్చుకున్న నామాల సుద్ద అరగదీసి చెంబుకు నామం పెట్టి, టవల్లో చుట్టి సంచి అడుగున దాచినాను. కెమెరా మెడకు తగిలించుకున్నాను. మా పక్క ఆకుపచ్చ బస్సులు చూసిన కంటికి అక్కడి పసుపుపచ్చ బస్సులు పెండ్లికి పోతా ఉన్నట్టుంటాయి. డ్రైవరు ముందర దేవుని బొమ్మ, దానికి పువ్వు. మా పక్క బస్సులో మాదిరే. ఆ బొమ్మకు చేతులెత్తి మొక్కి కూర్చున్నాను.

బిర్గులో అన్నీ రాతి ఇండ్లే. తేనె రంగు రాయి. పైన మూసి కట్టిన చెక్క బాల్కనీలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. వీధులు ఎంత సన్ననివంటే ఎదురింటి పోపు వాసన ఈ ఇంట్లోకి వస్తుంది. వీధి మూలమీద గోడలో గూడు, గూట్లో ఒక సాధువు విగ్రహం, దాని ముందర దీపం. ఒకటో నెంబరు కోట వాకిలి. తీసినాను. రెండు కందకం. తీసినాను. మూడో నెంబరు దగ్గర ఏం తీసినానో తెలీదు. కన్ను కెమెరాలోనే ఉన్నా, బుద్ధి తలుపుల మీద ఉంది. ఈ తలుపా, ఆ తలుపా. ఇత్తడి చేప ఆకారంలో గొళ్ళెం ఉన్న తలుపు అందంగా ఉంటే, ఇంతందమైన తలుపు తెరిచేవాళ్ళు గుప్పెడు బియ్యం పెడతారా అని. ఫోటోల కోసం ఇచ్చిన కాగితం ప్రకారం నడుస్తా ఉన్నాను గానీ, కాళ్ళు వాటంతట అవి ప్రతి గడప దగ్గరా ఆగి ఆగి పోతా ఉన్నాయి.

చివరికి ఆ ఇత్తడి చేప తలుపు దగ్గరికే తిరిగొచ్చినాను. చెప్పులు విడిచినాను. చెంబు తీసి కొంగు కింద పట్టుకున్నాను. గోవిందా అన్నాను. దగ్గినట్టు వచ్చింది.

తలుపు తెరిచింది ఒక ముసలామె. నన్ను చూసింది, చీర చూసింది, మెడలో కెమెరా చూసింది. మొహం విప్పారింది. "ఫోటో? యెస్, యెస్" అని లోపలికి పోయింది. బియ్యానికి పోయిందనుకుని నేను చెంబు ముందరికి పట్టుకుని నిలబడినాను. ఆమె పెదవులకు రంగేసుకుని, తల దువ్వుకుని, మెడలో ముత్యాలు వేసుకుని వచ్చి తలుపు పక్కన నిలబడి ఇత్తడి చేప మీద చెయ్యి పెట్టింది. ఏం చేసేది? తీసినాను. ఆమె ఇంకొకటన్నట్టు వేలు చూపించి మొహం అటువైపు తిప్పింది. అదీ తీసినాను. అప్పుడు చెంబు చాచినాను. ఆమె అయ్యో అన్నట్టు చెంబు అందుకుని లోపలికి తీసుకుపోయి, అంచుదాకా చల్లటి నీళ్ళు పోసి తెచ్చిచ్చింది.

పెట్టింది కాదనగూడదు. పారపోయగూడదు. ఒలకగూడదు. ఆ నిండు చెంబు పట్టుకుని ఆ రాళ్ళ వీధిలో ఎంత జాగ్రత్తగా నడిచినానో, తలమీద బిందెతో నడిచినప్పుడు కూడా అట్లా నడవలేదు. అయినా ఒక ఇల్లయింది, నీళ్ళైతేనేమి అని స్వామికి దండం పెట్టుకున్నాను, మనసులోనే, చేతులు ఖాళీ లేక.

రెండో తలుపు బనీనేసుకున్న ఒకాయన తెరిచినాడు. నేను నోరు తెరవకముందే "నో నో, థాంక్యూ" అని మూసేసినాడు. ఏదో అమ్ముకునేదాన్ని అనుకున్నాడు. తప్పేముంది, చీపుర్లమ్మే ఆడవాళ్ళు మా వాకిట్లోకి వస్తే నేను చెప్పేదీ ఆ మాటే. మొహం మంటలెత్తింది. ఇంకో ఇంట్లో రేడియో మోగతా ఉంది గానీ ఎవరూ రాలేదు. ఇంకో ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెండ్లు వచ్చి మళ్ళీ ఫోటోకే నిలబడినారు, కుక్కను కూడా ఎత్తుకుని. ఆ ఫోటోలు తర్వాత చిత్తూరులో కడిగిస్తే ఓనరు పెండ్లాం అన్నీ తిరగేసి, "తలుపులు తెమ్మంటే ముసలోళ్ళను తెచ్చినావే" అనింది. నవ్వతానే అనింది, మంచిది.

ఎండ నడినెత్తి దాటింది. వాళ్ళకు అన్నాలు తిని పడుకునే వేళ. ఒక్కొక్క కిటికీ రెక్కా మూసుకుంటా ఉంది. వీధిలో నేనూ, నా నీళ్ళ చెంబూ. కాగితంలో నెంబర్లు ఎప్పుడో తప్పిపోయినాను. ఈ నీళ్ళతోనే ఇంటికి పోయి, బియ్యం దొరకలేదని ఆ మనిషి ముందర కూర్చుంటానేమో, రాత్రికి ఆయన తలగడ అదుముకుంటే నేను ఏ మొహంతో స్వామిని అడిగేది అనుకున్నాను. వెనక్కి పోదామంటే కాళ్ళు పోవు, ముందుకు పోదామంటే తలుపులు లేవు.

అప్పుడు ఎక్కడి నుంచో పొయ్యి వాసన వచ్చింది. తలుపు బదులు పూసల తెర వేలాడే వాకిలి. గడప మీద కుర్చీ వేసుకుని ఒకామె విసనకర్రతో విసురుకుంటా ఉంది. లావుగా, మా అత్త వయసు మనిషి. నేను చెప్పులు విడిచి, ఈసారి గొంతు సవరించుకుని గోవిందా అన్నాను. స్పష్టంగానే వచ్చింది. ఆమె విసరడం ఆపి "వాట్?" అనింది.

అడగగూడదని తెలుసు. తెలిసే అడిగినాను. "రైస్" అన్నాను.

"రైస్?" ఆమె మొహం చూడాల. వాళ్ళమ్మ చేతి వంటను ఎవరో వెతుక్కుంటా దేశం కాని దేశం నుంచి వచ్చినంత సంతోషపడింది. లోపలికి పోయి ఒక ప్లేటు నిండా అన్నం తెచ్చింది. మన అన్నం మాదిరి కాదు. పెనం మీద మాడ్చినట్టు పైన ఎర్రగా, కోస్తే దిమ్మలాగా ఉంది. చేతికిచ్చింది. ఆవిరి మొహానికి తగిలింది. మాంసం.

మామూలు రోజుల్లో మేం తినేవాళ్ళమే. పెరటాసిలో మా ఇంట్లో నీసు గిన్నెలను కూడా అటక మీదికి ఎక్కించేస్తాం. ఒక చేతిలో నీళ్ళ చెంబు, ఒక చేతిలో ప్లేటు. కాదంటే మొక్కు పోతుంది. అవునంటే స్వామికి ఎట్లా చూపించేది? ఆమె "ఈట్, ఈట్" అంటా నా నోటి వైపే చూస్తా ఉంది. చెప్పేదానికి భాష లేక నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

ప్లేటూ చెంబూ గడప మీద మెల్లగా పెట్టినాను. చెంబు మీది నామం చూపించినాను. విడిచిన చెప్పులు, ఒట్టి పాదాలు చూపించినాను. పైకి చూపించి దండం పెట్టినాను. "టుడే మీట్ నో. గాడ్" అన్నాను. ఆమె నా పాదాల వైపు చూసి, నెమ్మదిగా "ప్రామిస్?" అనింది.

ఆ మాట నాకు తెలుసు. నా పిల్లలు గిల్లుకుని గిల్లుకుని చెప్పుకునే మాట. తలూపినాను. ఆమె తన పాదాలు చూపించుకుంది. వీధి చివర గుడి గోపురం వైపు చెయ్యెత్తి, రెండు వేళ్ళతో గాలిలో నడిచి చూపించింది. చెప్పుల్లేకుండా నడిచిందంట, ఎవరి కోసమో. ఎవరి కోసమని నేనడగలేదు. ఆమే అడిగింది, "హూ?" అని.

"హస్బెండ్" అని నా కడుపు మీద చెయ్యి పెట్టి చూపించినాను. పెట్టినాక గానీ తెలీలేదు, ఆమె ఇంకేదో అనుకుంటుందని. ఆమె నా కడుపు చూసి కండ్లు పెద్దవి చేసింది. నో నో, హస్బెండ్ కడుపు, నొప్పి అని మొహం చిట్లించి చూపించినాను. అప్పుడు నవ్వింది ఆమె, పొట్ట కదిలేలాగా. నాకూ నవ్వొచ్చింది. ఆ దీవిలో అడుగుపెట్టినాక నోరారా నవ్వింది అప్పుడేననుకుంటా.

ఆమె వంగి ప్లేటు తనే తీసుకుంది. నేను కాదనలేదు. ఆమె వెనక్కి తీసుకుంది. ఈ లెక్క తర్వాత చాలాసార్లు వేసుకున్నాను, స్వామి కూడా ఇట్లాగే వేసుకుని ఉంటాడని నమ్మకం. లోపలికి పోయి గ్లాసు నిండా పచ్చిబియ్యం తెచ్చింది. పొయ్యబోతే చెంబు నిండా నీళ్ళున్నాయి. ఇద్దరం చెంబులోకి తొంగి చూసినాం. నేను కొంగు పట్టినాను. పోసింది.

అంతటితో ఊరుకోలేదు. తల పైకెత్తి ఎదురింటి బాల్కనీ వైపు ఒక కేక పెట్టింది. చెక్క రెక్క తెరుచుకుని ఒక ముసలి తల బయటికి వచ్చింది. పైన ఒకరు, కింద ఒకరు వాళ్ళ భాషలో ఏందేందో మాట్లాడుకున్నారు. నాకు ఇండియా అనే మాట ఒకటే తెలిసింది. పై ఆమె లోపలికి పోయింది. కాసేపటికి బాల్కనీ నుంచి తాడుకు కట్టిన బుట్ట ఒకటి గోడకు తగులుకుంటా, ఆగి ఆగి దిగింది. మెట్లు దిగలేని ముసలివాళ్ళు బుట్ట దించి రొట్టె కొనుక్కుంటారంట అక్కడ. బుట్టలో కాగితం పొట్లం కట్టిన బియ్యం, దాని మీద ఒక నిమ్మకాయ.

అడుక్కునేవాళ్ళు ఇంటి ముందుకు పోతారని తెలుసు. ఇంటివాళ్ళు పైనుంచి దించుతారని తెలీదు. కొంగు ముడేసుకుని, పొట్లం రెండు చేతులతో తీసుకుని, బుట్టకు దండం పెట్టినాను. పై ఆమె నన్ను చూసి తన గుండె మీద వాళ్ళ పద్ధతిలో సిలువ గీత గీసుకుంది. వాళ్ళ పేర్లు నాకు తెలీవు. స్వామి దగ్గర వాళ్ళను తలుచుకోవాలంటే పూసల తెర ఆమె, బుట్ట ఆమె, నీళ్ళామె అనే తలుచుకుంటాను. స్వామికి తెలియకుండా ఉంటుందా?

బస్సులో ఒడిలో చెంబు, కొంగు ముడిలో బియ్యం. ఇంటికి పోయి నీళ్ళామె నీళ్ళతోనే ఎసరు పెట్టినాను. ఆ బియ్యం పొట్టిగా, లావుగా, బంక. పొడిపొడిగా పులిహోర కలుపుదామంటే కుదరలేదు. అంతా పొంగలే చేసినాను. అరిటాకు లేదు, ప్లేటు కడిగి నామం దిద్ది అందులోనే తళిగ వేసినాను. హారతిచ్చి కూర్చున్నా లోపల కుదురు రాలేదు. అడిగి తెచ్చినాను కదా, రైస్ అని నోరు తెరిచినాను కదా అని ఒకటే పీకులాట.

ఆయన పొద్దుగూకినాక వచ్చినాడు. తలుపు దగ్గరే నెయ్యి వాసన పట్టినాడు. ప్లేటు చూసినాడు, నామం చూసినాడు. బూట్లు విప్పి వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు.

"పోయినావా?"

"పోయినా."

"ఎవురు పెట్టినారు?"

జరిగింది చెప్పినాను. ముసలామె ముత్యాలేసుకున్నది చెప్తే మూతి బిగబట్టినాడు. నా కడుపు చూపించుకున్న సంగతి చెప్తే ఆపుకోలేక నవ్వినాడు, నవ్వి కడుపు పట్టుకున్నాడు. నేను మాట ఆపేసినాను.

"ఏం లేదు, చెప్పు" అన్నాడు.

"డాక్టరు దగ్గరికి పోదాం మామా. సోమారం."

"పోదాంలే."

"గ్యాస్ అని చెప్పగూడదు ఆయనకు."

"చెప్పనులే."

నేను ప్లేటు ఆయన వైపు జరిపినాను. కండ్లకద్దుకుని ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. చెయ్యి కడుపు మీదికి పోతుందేమోనని చూస్తా ఉన్నాను.

"ఇది ఎన్నేండ్లకు మొక్కుకున్నావే?" అని అడిగినాడు. ఇన్నేండ్లలో ఒకసారీ అడగలేదు ఆ మాట.

"నువ్వుండేంత కాలం."

ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. వేళ్ళ సందుల్లో నుంచి నెయ్యి కారతా ఉంటే చూసుకోలేదు. తర్వాత ప్లేటు నా వైపు జరిపినాడు.

"అట్లయితే ఇంగ కొంచెం పెట్టు" అన్నాడు.